వెనక సీటు కింది తడి

విశాఖపట్నంలో హీటరున్న బండి కొన్నవాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను. అదీ ఒకటి కాదు, రెండు హీటర్లు. ముందు ఒకటి, వెనక కూర్చున్నవాళ్ళ కాళ్ళకి వేడి తగిలేలా సీటు కింద ఇంకొకటి. ఇందులో నా తెలివేమీ లేదు. చలిదేశం నుంచి ఏదో ప్రాజెక్టు పని మీద వచ్చిన ఇంజనీర్లు ఆ బండిని తమతో తెచ్చుకున్నారు. పని అయిపోయాక బండిని వదిలేసి మనుషులు వెళ్ళిపోయారు. తొంభై ఏడులో వేలం వేస్తే నేను పాడుకున్నాను. పెందుర్తిలో మా కాలనీ సందు మలుపు తిరగాలంటే ఆ బండి రెండుసార్లు వెనక్కీ ముందుకీ ఆడాల్సి వచ్చేది. గేదెని వంటింట్లోకి తోలినట్టుండేది చూసేవాళ్ళకి.

ఒక్కడికి ఇంత బండి ఎందుకని అందరూ అడిగారు. మా ఆవిడ గోదావరి జిల్లాలో ప్రభుత్వ పాఠశాల టీచరు. బదిలీ కోసం అర్జీలు పెట్టి పెట్టి ఇద్దరం అలిసిపోయాం. నెలకోసారి తను రావడమో నేను వెళ్ళడమో జరిగేది. పిల్లలు లేరు. మిగతా రోజుల్లో ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. అడిగినవాళ్ళకి చవగ్గా వచ్చిందని చెప్పేవాణ్ణి గానీ అసలు సంగతి అది కాదు. ఆ బండి నిండా మనుషులుంటారని కొన్నాను.

అలాగే ఉన్నారు కొన్నేళ్ళపాటు. మేం పనిచేసే ఉక్కు కర్మాగారానికి బస్సులు లేక కాదు, బస్సులో మాకు కబుర్లు సాగేవి కావు. ముగ్గురు మా కాలనీలోనే ఎక్కేవారు. కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి ఉద్యోగాలకొచ్చి ఇక్కడే ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు. నాలుగోవాడు కొత్తరోడ్డు కూడలిలో ఎక్కేవాడు. అతనిది సముద్రపొడ్డు పేట. అన్నదమ్ములు ఇప్పటికీ వేటకి వెళ్తారు, ఇతనొక్కడే ఐటీఐ చదివి ఫిట్టరయ్యాడు. తెల్లవారకుండానే పేటలో బస్సెక్కి, కొత్తరోడ్డులో దిగి, బడ్డీకొట్టు పక్కన నా కోసం నిలబడేవాడు. నా బండి దూరాన కనబడగానే చెయ్యి పైకెత్తేవాడు. ఎత్తకపోయినా ఆపుతానని తెలుసు, అయినా ఎత్తేవాడు.

మొదటిరోజే నన్ను బావా అని పిలిచాడు. మా వైపు బావ అంటే చెల్లెల్నిచ్చినవాడో, అక్కని చేసుకున్నవాడో అయివుండాలి. ఇక్కడ మగాళ్ళు ఒకళ్ళనొకళ్ళు బావా అనుకోవడం మామూలు విషయమని తెలియడానికి నాకు చాలా రోజులే పట్టింది. తెలిశాక కూడా ఆ పిలుపు నాకు మామూలుగా అనిపించలేదు. పొద్దున్నే ఒక మనిషి నన్ను బావా అనడంతో నాకు రోజు మొదలయ్యేది.

వెనక హీటరు స్విచ్చి కనిపెట్టింది కూడా అతనే. ఒక వానరోజు పొద్దున నిలువునా తడిసి బండెక్కాడు. వెనక సీటు కింద హీటరు పెట్టె పక్కన ఏదో మీటలాంటిది ఉంటే నొక్కాడు. కాళ్ళ మీదికి గుప్పున వేడిగాలి వచ్చింది. అయిదు నిమిషాల్లో అతని ప్యాంటు ఆరింది, మేమందరం చెమటతో తడిశాం. ముందు సీట్లో పెద్దాయన పేపరుతో విసురుకుంటూ ఇది బండి కాదు బట్టీ అన్నాడు. నవ్వుకుంటూ స్విచ్చి ఆపేశారు. మళ్ళీ ఎవరూ దాని జోలికి పోలేదు. మన ఊళ్ళో హీటరుతో పనేముంది?

నేను ఒక్కణ్ణే వండుకు తింటానని తెలిసిన దగ్గర్నుంచి వారానికి ఒకటి రెండుసార్లు అతను చేపలు తెచ్చేవాడు. వాళ్ళావిడ శుభ్రం చేసి ముక్కలు కోసి పసుపూ ఉప్పూ రాసి ఇచ్చేది. వెదురుబుట్టలో ప్లాస్టిక్ కవరు పరిచి, ఐసు వేసి, పైన గోనెపట్టా కప్పి తన కాళ్ళ దగ్గర పెట్టుకునేవాడు. సాయంత్రం దాకా ముక్క బిగి తగ్గేది కాదు. గోదారివాడివి, నీకు బొచ్చె తప్ప తెలీదని ఎగతాళి చేసేవాడు. నేను చందువకీ కానాగంతకీ తేడా నేర్చుకున్నది ఆ బుట్టలోనే. ఇంటికెళ్ళి పులుసు పెట్టుకుని, మర్నాడు ఎలా కుదిరిందో అతనికి చెప్పాలి. చెప్పకపోతే ఊరుకునేవాడు కాదు. ఉప్పెంత, చింతపండెంత అని ఆరా తీసేవాడు.

నా ఉద్యోగం సంగతి ఇక్కడ చెప్పుకోవాలి, నా సిగ్గు కోసమైనా. నేను టెస్టింగ్ ల్యాబులో ఉండేవాణ్ణి. విరిగిన ఇనపముక్క తెచ్చి బల్ల మీద పెడితే అది ఎందుకు విరిగిందో చెప్పడం నా పని. కంటికి కనబడింది నమ్మకు, కోసి చూడు, కడిగి చూడు, అప్పుడు మాట్లాడు అని కొత్తగా చేరినవాళ్ళకి పాఠాలు కూడా చెప్పేవాణ్ణి.

రెండువేల ఒకటి శ్రావణంలో వెనక సీట్లో తడి మొదలయింది. పెద్దాయన పక్కింటాయన, ఎప్పుడూ వెనకే కూర్చునేవాడు, తన మేజోళ్ళు తడుస్తున్నాయని చెప్పాడు. కార్పెట్ మీద చెయ్యి పెట్టి చూస్తే చెమ్మ తగిలింది. ఒకలాంటి మురుగువాసన కూడా ఉంది. అక్కడ పెట్టేది బుట్ట, బుట్టలో ఉండేది ఐసు, ఐసు కరిగితే కారేది నీళ్ళు. ఇంకా కోసి చూడ్డానికేముంది? కొంచెం చూసుకో, కారుతున్నట్టుంది అని మెల్లిగానే అన్నాను. అలాగే బావా అన్నాడు. ఆ తర్వాత అతను ఏ జాగ్రత్త తీసుకున్నాడో నేను గమనించలేదు. పొద్దుటే అతన్ని ఫిట్టర్లు పనిచేసే షాపు దగ్గర దింపి ల్యాబుకి వెళ్ళడం, సాయంత్రం ఎక్కించుకోవడం, అంతే. అద్దంలో నా వెనక వచ్చే బస్సులూ లారీలూ చూసుకున్నాను గానీ నా వెనక కూర్చున్న మనిషిని చూడలేదు.

తడి తగ్గలేదు. వార్తాపత్రికలు పరిచాం, అవీ తడిశాయి. వాసన ముదిరింది. మేజోళ్ళాయన రోజూ ముక్కు మూసుకుని కూర్చునేవాడు. ఆయన నాతో ఏమీ అనేవాడు కాదు, అనకపోవడం వల్లే నాకు ఇంకా తలవంపుగా ఉండేది. ఆ ముగ్గురూ ఎక్కడ మానేస్తారో అని లోపల భయం. ఆ రోజు పొద్దున గాజువాక దాటాక ఆయన కాళ్ళు పైకెత్తి సీటు మీద పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. వెనక్కి తిరక్కుండానే, ఇంక ఆ చేపలు కట్టిపెట్టు, బండి పాడైపోతోంది అన్నాను.

"ఇయ్యాల నాను సేపలే తేనేదు బావా," అన్నాడతను. "ఈ తడి నాది కాదు."

తేలేదని నాకూ తెలుసు, బండెక్కినప్పుడు చేతిలో బుట్ట లేదు. అక్కడ ఆగిపోవలసింది. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారన్నది అందరికీ తెలిసిన సామెతే, అయినా నేను చెట్టునే చూశాను.

"నిన్నటిదో మొన్నటిదో అయివుంటుంది. మీవాళ్ళకి ఆ వాసన అలవాటు, మీకు తెలీదు. మాకు అలవాటు లేదు."

ఆ మాటకి పెద్దాయన పేపరు పేజీ తిప్పబోయి మానేశాడు. నీకు అలవాటు అనలేదు, మీవాళ్ళకి అన్నాను. అంటున్నప్పుడే అది తప్పని నాకు తెలుసు. తెలిసీ వెనక్కి తీసుకోలేదు, ముగ్గురు వింటున్నారు కదా. షాపు దగ్గర బండి ఆపితే అతను దిగాడు. దిగి, మళ్ళీ వంగి, కాళ్ళ కింద తడిసిన పేపర్లు ఉండచుట్టి చేత్తో తీసుకెళ్ళాడు.

ఆ సాయంత్రం అతను రాలేదు. మర్నాడు కొత్తరోడ్డులో బడ్డీకొట్టు పక్కన కాకుండా బస్సు లైనులో నిలబడివున్నాడు. నేను హారన్ రెండుసార్లు కొట్టాను. లైనులో అందరూ చూశారు, అతను తప్ప. ఇంకో నాలుగు రోజులు అలాగే బండి నెమ్మది చేశాను. ఒకరోజు పూర్తిగా ఆపాను కూడా. వెనకున్న బస్సువాడు తిట్టాడు, ఇతను ఆ బస్సే ఎక్కి వెళ్ళిపోయాడు. దిగి వెళ్ళి పలకరించవచ్చు. నా అహం పలకరించనివ్వలేదు. తప్పు అతనిదేనని అప్పటికీ నా నమ్మకం, మాట మాత్రం కాస్త పెద్దదయిందని అనుకునేవాణ్ణి.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ ఏడాది చివరికి పెద్దాయన రిటైరయ్యాడు. మేజోళ్ళాయన సొంత కారు కొనుక్కున్నాడు. మూడో ఆయనకి టౌన్‌షిప్‌లో క్వార్టరు వచ్చింది. ఎవరూ నా మీద కోపంతో మానలేదు. కానీ అతను ఉన్నప్పుడు బండిలో ఉన్న కళ అతనితోనే పోయింది, మిగతావాళ్ళు ఎప్పుడు ఎవరి దారి వారికి దొరుకుతుందా అని చూశారేమో అనిపిస్తుంది. కొత్త సంవత్సరం వచ్చేసరికి అంత బండిలో నేనొక్కణ్ణి. ఖాళీ సీట్ల బెల్టు కొక్కేలు గతుకుల్లో టకటకలాడేవి. ఆ చప్పుడు భరించలేక వాటిని గుడ్డపీలికలతో కట్టేశాను. తర్వాత ఆ చప్పుడు కూడా లేకుండా పోయింది.

వాసన మాత్రం పోలేదు. కిటికీలు దించుకుని నడిపేవాణ్ణి. మనిషి మానేసి ఇన్ని నెలలైనా వాసన పోలేదంటే ఎంత పట్టించాడో అనుకునేవాణ్ణి. అలా అనుకుంటే ఆ రోజు నేనన్న మాట అంత పెద్ద తప్పుగా కనబడేది కాదు. ఆదివారం ఆదివారం బానెట్టు ఎత్తి రేడియేటరులో నీళ్ళు చూడడం నాకు అలవాటు. ప్రతి వారం తగ్గివుండేవి. పాత బండి, ఆవిరైపోతోందనుకుని కుళాయినీళ్ళు చెంబుతో పోసేవాణ్ణి. ఒక చెంబు, ఒక్కోసారి రెండు.

ఏప్రిల్లో ఒక ఆదివారం ఇంట్లో ఊపిరాడక బండి తీశాను. ఎక్కడికని లేదు. మధురవాడ దాటాను, అప్పటికి అక్కడ ఇన్ని మేడలు లేవు. ఆనందపురం దగ్గరకొస్తుంటే వేడి చూపించే ముల్లు పైకి లేచింది. బానెట్టు సందులోంచి ఆవిరి. కూడలి దగ్గర లారీలు బాగుచేసే షెడ్డు కనబడితే మెల్లిగా అక్కడికి చేర్చాను. మెకానిక్కు నా వయసువాడే. ఇంజను చల్లారాక నీళ్ళు పోసి, స్టార్టు చేయించి, కింద దూరి చాలాసేపు చూశాడు. ఇంజను దగ్గర ఏమీ కారడం లేదన్నాడు. వెనక తలుపు తీశాడు. నేను బెల్టు కొక్కేలు కట్టేశాక ఆ తలుపు తీసిన మొదటి మనిషి అతను.

కార్పెట్ మీద చెయ్యి వేశాడు. తడి చేతికంటింది. ఆ సీట్లో ఎవరైనా కూర్చుని నెలలైంది, బుట్ట పెట్టి ఎనిమిది నెలలైంది. నేను తొందర తొందరగా, అక్కడ చేపలు పెట్టేవారండీ, ఆ నీళ్ళు ఇంకిపోయాయి అని చెప్పుకొచ్చాను. అతను వేళ్ళు వాసన చూసి నవ్వాడు.

"సేపల నీల్లు కాదు సార్ ఇయ్యి. మీ రేడియేటర్లో నీల్లే."

కార్పెట్ పైకి లాగాడు. అడుగున దళసరి గోనెలాంటి పట్టా నల్లగా కుళ్ళిపోయివుంది. వాసన దానిది. సీటు కింద పెట్టె మూలనుంచి ఒక బొట్టు ఊరింది, నేను చూస్తుండగానే జారింది, ఇంకొకటి ఊరింది. ఈ హీటరు ఎప్పుడూ వెయ్యలేదండీ అన్నాను, అదేదో నన్ను కాపాడుతుందన్నట్టు. స్విచ్చి ఉన్నది ఫ్యానుకి మాత్రమేనని అతను చెప్పాడు. నీళ్ళకి స్విచ్చి లేదట. వేసినా వెయ్యకపోయినా ఇంజనులో వేడినీళ్ళు బండి కింద గొట్టాల్లోంచి వెనక్కి వచ్చి, ఆ పెట్టెలో తిరిగి, మళ్ళీ ముందుకి పోతూనే ఉంటాయట. తుప్పు పట్టనివ్వని కూలెంటు పోసివుంటే ఇంకొన్నాళ్ళు ఆగేదని, కుళాయినీళ్ళు పోసి పోసి లోపలంతా తుప్పు పట్టించారని అన్నాడు.

నేను సీటు అంచు మీద కూర్చుండిపోయాను. ప్రతి ఆదివారం బానెట్టు ఎత్తి నేను పోసిన చెంబుడు నీళ్ళే వారమంతా వెనక ఆ చేపలు తెచ్చినవాడి కాళ్ళ కింద కారాయి. పోసిన చెయ్యి నాది, తిట్టిన నోరు నాది.

మెకానిక్కు నా మొహం చూసి ఖర్చుకి భయపడుతున్నాననుకున్నాడు. ఇది ఇశాపట్నం, ఇక్కడ హీటరెవడిక్కావాలి, అరగంటలో బైపాస్ చేసేస్తానన్నాడు. బైపాస్ అంటే నాకు తెలిసినవి గుండె ఆపరేషనూ ఊరవతల రోడ్డూ. ఇక్కడ పని అంతకంటే చిన్నది. వెనక్కి వెళ్ళే గొట్టాన్నీ తిరిగొచ్చే గొట్టాన్నీ ఇంజను దగ్గరే ఊడదీశాడు. ఆ రెండు మూతుల్నీ వంకీ తిరిగిన ఒక రబ్బరు పైపుతో కలిపి, రెండు క్లిప్పులు వేసి బిగించాడు. ఇంక నీళ్ళు వెనక్కి పోవు, ఇట్నుంచి ఇటే తిరిగి ఇంజనులోకి వచ్చేస్తాయి. ఈసారి కూలెంటు పోసి, మూత తీసివుంచి ఇంజను తిప్పి, గాలిబుడగలన్నీ పోయేదాకా కాపలా కాశాడు. ముల్లు సగం దగ్గర ఆగి కదల్లేదు. ఆ తర్వాత ఆ బండిని ఆరేళ్ళు నడిపాను, ఎప్పుడూ వేడెక్కలేదు.

సీటు కిందనుంచి విప్పేసిన హీటరుని పాత ఇనుములో పారెయ్యబోతే అడిగి తీసుకున్నాను. కుళ్ళిన పట్టా అక్కడే వదిలేసి, ఉత్త రేకు మీద, ఒకప్పుడు చేపల బుట్ట ఉండే చోట పెట్టుకుని బయల్దేరాను. పెందుర్తి వైపు తిప్పలేదు. హనుమంతవాక మీదుగా తిన్నగా సముద్రపొడ్డుకి వెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. అయినా తుప్పుపట్టిన ముక్క చూపిస్తే అతను నమ్ముతాడని, నమ్మితే రేపు కొత్తరోడ్డులో చెయ్యెత్తుతాడని దారంతా అనుకున్నాను. విరిగిన ముక్క బల్ల మీద పెట్టి కారణం చెప్పడం నాకు బాగా వచ్చిన పని కదా.

పేటలో వలలు ఆరేసివున్నాయి. అతను అరుగు మీద కూర్చుని వల కుడుతున్నాడు. నన్ను చూసి లేచాడు. ఇదివరకు ఒకసారి వస్తే ఒడ్డున తెప్ప మీద కూర్చోబెట్టుకుని చెరో టీ గ్లాసూ పట్టుకుని చీకటిపడేదాకా మాట్లాడుకున్నాం. ఇప్పుడు లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, తువ్వాలుతో తుడిచి వేశాడు.

"రండి సార్, కూకోండి."

మొదటిరోజు నుంచీ బావా అన్న నోటితోనే సార్ అన్నాడు. కూర్చున్నాను. హీటరు అతని చేతికిచ్చి జరిగిందంతా చెప్పాను. ఫిట్టరు కదా, ఒక గొట్టం బొటనవేలితో మూసి, రెండోదాంట్లో ఊది, ఎక్కడ గాలి పోతోందో పట్టేశాడు. ఇక్కడ సార్, అని వేలు పెట్టి చూపించాడు. తప్పు నాదేనని, ఆ మాట అనకూడదని, అన్న రోజునుంచి నాకు మనశ్శాంతి లేదని చెప్పాను. చివరిది పూర్తి నిజం కాదు. మనశ్శాంతి లేనిది ఆనందపురం నుంచే.

అతను హీటరు కింద పెట్టాడు.

"ఆ తడి నాది కాదని నాకప్పుడే తెల్సు సార్. మొదటిపాలి మీరు సూసుకోమన్నారు కదా, ఆ తరవాత బుట్ట కింద పెట్నేదు. ఒల్లో ఎట్టుకునే ఒచ్చేవోణ్ణి. పగలు మా షాపులో ఎట్టుకుని, సాయంత్రం మల్లీ ఒల్లోనే."

ఐసు బుట్ట, గంట ప్రయాణం. నా సీటు వెనకే.

"మరి చెప్పొచ్చు కదా," అన్నాను.

"సెప్పేను కదా సార్."

అవును, చెప్పాడు. ముగ్గురి ఎదురుగా చెప్పాడు. అప్పుడు నాకు అతని మాట సరిపోలేదు, ఇప్పుడు ఇనపముక్క సాక్ష్యం చెబితే సరిపోయింది. రేపటినుంచి కొత్తరోడ్డులో ఆపుతాను, రా అని బతిమాలాను. అతను సముద్రం వైపు చూసి, ఏ కోపమూ లేని గొంతుతో జవాబిచ్చాడు.

"బస్సు అలవాటైపోనాది సార్."

లేచాను. లోపల్నుంచి వాళ్ళావిడ ఎప్పట్లాగే పసుపూ ఉప్పూ రాసిన చందువ ముక్కలు ఐసుతో కవరులో వేసి తెచ్చింది. బాగున్నారా అన్నయ్యా అని అడిగింది కూడా. అతను ఆ కవరు ఆమె చేతిలోంచి తీసుకుని మూతి మెలితిప్పి ముడేశాడు. దాన్ని ఇంకో కవరులో పెట్టి ముడేశాడు. అది మళ్ళీ ఇంకోదాంట్లో. నా వెంట బండి దాకా వచ్చి, అరుగు మీదనుంచి తెచ్చిన హీటరుని, నా వస్తువు నాకు అప్పజెప్పినట్టు, వెనక రేకు మీద పెట్టాడు. చేపల కవరు మాత్రం చేతికిచ్చాడు.

"నీల్లు కారవు సార్. ఎక్కడైనా పెట్టుకోవచ్చు."

దాన్ని నేను ఎక్కడా పెట్టలేదు. కొత్తరోడ్డు మీదుగా పెందుర్తి దాకా ఒళ్ళో పెట్టుకునే నడిపాను. తొడలు చల్లగా మొద్దుబారాయి. ఇంటికొచ్చి వంటింటి గట్టు మీద పెట్టి ఒక్కొక్క ముడీ విప్పాను. గట్టిగా బిగించాడు, రెండు ముళ్ళు రాక పళ్ళతో లాగాల్సి వచ్చింది. ప్యాంటు తడిమి చూసుకున్నాను. ఒక్క చుక్క కారలేదు.